ఉపాధి పనికి నిధులు తగ్గితే కూలి చేసుకునే ఇంటికి ఎలా తగులుతుంది?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. అమ్మ, నాన్న ఇద్దరూ ఎండాకాలమంతా కరువు పనికి వెళ్తారు. పోయిన ఏడాది ఏడు వారాల కూలి నెలల తరబడి పడలేదు. కేంద్రం బడ్జెట్ కోసిందని కొందరు అంటున్నారు. 86 వేల కోట్లు అలాగే ఉన్నాయి, కోత ఎక్కడిదని ఇంకొందరు అంటున్నారు. ఏది నిజం? ఇప్పుడు చట్టం కూడా మారింది కదా, మా ఇంటికి ఏమవుతుంది? మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

సమాధానం:

సామాజిక తనిఖీల్లో చాలా ఏళ్లు పనిచేశాను. రాయలసీమలోనూ, పాలమూరు వైపూ ఇల్లిల్లూ తిరిగి మస్టర్లు (పని హాజరు పట్టీలు), పాస్‌బుక్కులు పక్కపక్కన పెట్టి సరిచూడడమే నా పని. ఆ అనుభవంతో చెబుతున్నాను. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మీతో మాట్లాడినవాళ్లలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. 2024-25 బడ్జెట్‌లో ఉపాధి హామీకి 86,000 కోట్లు పెట్టారు. 2025-26లోనూ అంతే పెట్టారు. అంకె మారలేదు, నిజమే. కానీ కూలి రేటు మారింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 2023-24లో రోజు కూలి 272 రూపాయలు. తర్వాతి ఏడాది 300 అయింది, 2025-26లో 307. లక్ష రూపాయలు తీసుకుని లెక్క వేయండి. 272 చొప్పున 367 పనిదినాలకు కూలి ఇవ్వొచ్చు. 307 చొప్పున ఇస్తే 325కే అయిపోతుంది. సామగ్రి ఖర్చు, సిబ్బంది జీతాలు ఇందులో కలపలేదు. నిరుటి బాకీలు తీర్చడానికి పోయేది కూడా కలపలేదు. అంకెను ముట్టుకోకుండానే పని తగ్గించడమంటే ఇదే. మధ్యాహ్న భోజనం వండే అక్కల సంగతీ అంతే. కేంద్రం లెక్కలో వాళ్ల గౌరవ వేతనం 2009లో నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలకే. ఆ అంకె ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయింది. ఆ పైన ఏమైనా వస్తే రాష్ట్రం కలిపి ఇచ్చేదే. అది కోత అని ఎవరూ అనలేదు, కానీ ఆ వెయ్యికి ఇప్పుడు ఏం వస్తుందో వంట చేసే మనిషికి తెలుసు.

కళ్లకు కనిపించే కోతలు కూడా ఉన్నాయి. కోవిడ్ ఏడాది, 2020-21లో, మొదట 61,500 కోట్లు కేటాయించారు. జనం పట్నాలు వదిలి ఊళ్లకు తిరిగొచ్చేసరికి దాన్ని 1,11,500 కోట్లకు పెంచక తప్పలేదు. ఆ ఏడాది దేశంలో ఏడున్నర కోట్ల కుటుంబాలు ఈ పని చేసుకుని బతికాయి. మరుసటి ఏడాది కేటాయింపు 73,000 కోట్లకు దించారు, మధ్యలో 98,000 కోట్లకు పెంచాల్సి వచ్చింది. 2022-23లో సవరించిన అంచనా 89,400 కోట్లు ఉంటే, 2023-24కు 60,000 కోట్లే పెట్టారు. అంటే మూడో వంతు కోత. ఆ ఏడాది చివరికి అదీ 86,000కు చేరింది.

చివరికి పెంచుతున్నారు కదా, ఇక నష్టమేంటని అడుగుతారు. అసలు దెబ్బ తగిలేది అక్కడే. చట్టం రాసిన తీరు ప్రకారం ఇది ఇంతే అని గీత గీసుకుని నడిపే పథకం కాదు. 2005 చట్టంలో మాట సూటిగా ఉంది. పని అడిగిన కుటుంబానికి 15 రోజుల్లో పని చూపించాలి, చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి, మస్టర్ ముగిసిన 15 రోజుల్లో కూలి వేయాలి. పని అడిగేవాళ్లు పెరిగితే డబ్బు పెరగాలి. కానీ ఫిబ్రవరిలో చిన్న అంకె పెట్టి, అది చాలక డిసెంబరులోనో జనవరిలోనో అదనపు గ్రాంటు ఇస్తే, మధ్యలో ఉన్న ఆ నెలలన్నీ ఎవరు మోస్తారు? చేసిన పనికి కూలి రాక మీ అమ్మానాన్నలు మోస్తారు. డబ్బు లేదని కేంద్రం రాష్ట్రానికి నేరుగా చెప్పదు, రాష్ట్రం మండలానికి చెప్పదు, ఫీల్డ్ అసిస్టెంట్ కూలీకి చెప్పడు. కూలీ చెవిన పడేవి వేరే మాటలు. ఈ వారం మస్టర్ రాలేదు, యాప్‌లో ఫోటో ఎక్కలేదు, షెల్ఫ్‌లో (ముందే మంజూరు చేసి ఉంచే పనుల జాబితాలో) పనులు లేవు, టెక్నికల్ అసిస్టెంట్ కొలతలకు రాలేదు, సర్వర్ పనిచేయడం లేదు. వీటిలో కొన్ని నిజాలే. 2023 జనవరి 1 నుంచి పని జరిగే ప్రతి చోటా మొబైల్ యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫోటో హాజరు తప్పనిసరి చేశారు. 2024 జనవరి 1 నుంచి కూలి ఆధార్ ఆధారంగానే వేయాలన్నారు. సిగ్నల్ లేని గుట్ట మీద ఫోటో ఎక్కకపోవడం నేనూ చూశాను. కానీ నిధులు నిండుగా ఉన్న నెలల్లో ఇవే అడ్డంకులు రెండు రోజుల్లో తొలగిపోతాయి. నిధులు అడుగంటినప్పుడు నెలలు పడుతుంది. అందుకే ఈ పథకంలో కోత ఎంత అని తెలుసుకోవాలంటే నేను బడ్జెట్ పుస్తకం కన్నా ముందు కూలి పడిన తేదీలు చూస్తాను.

మన రెండు రాష్ట్రాలకు ఇంకో చిక్కు ఉంది. ఇక్కడ ఏడాది పనిలో ఎక్కువ భాగం ఏప్రిల్, మే, జూన్ నెలల్లోనే జరుగుతుంది. పొలం పని ఉండదు, నీళ్లుండవు, కరువు పని ఒక్కటే దిక్కు. 2025-26లో ఆర్థిక శాఖ ఈ పథకాన్ని నెలవారీ ఖర్చు ప్రణాళిక కిందికి తెచ్చి, సెప్టెంబరు దాకా ఏడాది కేటాయింపులో 60 శాతానికి మించి ఖర్చు పెట్టొద్దని పరిమితి పెట్టింది. 86,000 కోట్లలో 60 శాతం అంటే 51,600 కోట్లు. ఢిల్లీలో కూర్చుని చూస్తే సగం ఏడాదికి సగం కన్నా ఎక్కువే ఇచ్చినట్టు ఉంటుంది. పని మొత్తం ఎండాకాలంలోనే ఉండే అనంతపురానికి, పాలమూరుకు అది సరిపోయే లెక్క కాదు. మీ ఏడు వారాల బాకీకి కారణం ఇదొక్కటేనని నేను అనను. కింద చెప్పినట్టు చూస్తే ఎక్కడ ఆగిందో మీకే తెలుస్తుంది.

ఇప్పుడు మీ ఇంటి లెక్క చూద్దాం. ఇద్దరు మనుషులు, వారానికి ఆరు రోజులు, ఏడు వారాలు కలిపి 84 పనిదినాలు. గట్టి నేలలో కొలత తగ్గి సగటున రోజుకు 260 పడిందనుకుందాం. మొత్తం 21,840 రూపాయలు. ఈ డబ్బు జూన్‌లో చేతిలో ఉండాలి. జూన్‌లోనే బడి తెరుస్తారు, బస్ పాస్ తీయాలి, నోటు పుస్తకాలు కొనాలి. జూన్‌లోనే వేరుశెనగ విత్తనం, సేద్యం ఖర్చు. ఆ డబ్బు రాలేదు కాబట్టి 20,000 అప్పు తెచ్చారనుకుందాం. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 600. మూడు నెలలకు 1,800. అంటే ఆ ఎండలో ఏడు రోజులు తవ్విన మట్టి వడ్డీకే పోయింది. ఆలస్యానికి చట్టం పరిహారం ఇస్తుంది, కాదనను. 16వ రోజు నుంచి రోజుకు 0.05 శాతం. 20,000కు రోజుకు 10 రూపాయలు, నెలకు 300. అది అడిగి తెచ్చుకున్నా మీరు కట్టిన వడ్డీలో సగమే.

అప్పు ఇచ్చింది పంట కొనే వ్యాపారే అయితే నష్టం వడ్డీతో ఆగదు. అక్టోబరులో కాయ అతనికే పోయాలి, ధర అతను చెప్పిందే. అమ్మ డ్వాక్రా సంఘంలో ఉంటే ఇంకో ముడి పడుతుంది. సున్నా వడ్డీ సకాలంలో కంతు కట్టిన సంఘాలకే వర్తిస్తుంది. కూలి పడక ఒక్కరు కంతు ఆపితే సంఘం మొత్తం ఇబ్బందిలో పడుతుంది. అందుకని మిగతా ఆడవాళ్లు ఆమె కంతు తలా కొంత వేసి కడతారు. ఆమె వాళ్ల ముఖం చూడలేక చెవి కమ్మలు కుదువ పెడుతుంది. నేను తిరిగిన ఊళ్లలో దీన్ని ఎన్ని ఇళ్లలో చూశానో. బడ్జెట్ మీద టీవీలో జరిగే చర్చల్లో ఈ కమ్మల లెక్క ఎవరూ తీయరు. నాకు కోపం వచ్చేది అందుకే.

ఈ పథకంలో సగానికి పైగా పనిదినాలు ఆడవాళ్లవే. ఆడా మగా తేడా లేకుండా ఒకటే కూలి ఇక్కడ, తన పేరు మీద ఖాతాలో పడుతుంది. పొలం పనిలో ఇప్పటికీ ఆడమనిషి కూలి తక్కువే. కరువు పని జరుగుతున్న వారాల్లో రైతు ఆమెకు కాస్త పెంచి ఇవ్వక తప్పదు. లేకపోతే ఆమె చెరువు పనికి పోతుంది. కరువు పని ఆగినా, చేసినా డబ్బు పడదని తెలిసినా, ఆ పెంచిన కూలి వెనక్కి దిగిపోతుంది. జాబ్ కార్డు లేని కూలీకి కూడా ఆ నష్టం తగులుతుంది. మగవాళ్లు బెంగళూరు బేల్దారి పనికి పోతారు. పిల్లలు అవ్వ దగ్గర ఉంటారు, లేదా తల్లిదండ్రులతో పాటు పోయి మధ్యలో బడి మానేస్తారు. ఈ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ మొదలుపెట్టింది మీ జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలోనే. వలస ఆపడానికని అక్కడ మొదలుపెట్టారు. కూలి మూడు నెలలు ఆలస్యమైతే ఆ వలస బస్సు మళ్లీ నిండుతుంది.

నిధులు పూర్తిగా ఆగితే ఏమవుతుందో పశ్చిమ బెంగాల్‌లో చూశాం. అక్రమాలు జరిగాయన్న కారణంతో చట్టంలోని 27వ సెక్షన్ కింద 2022 మార్చి నుంచి కేంద్రం ఆ రాష్ట్రానికి డబ్బు ఆపేసింది. 2025 ఆగస్టు 1 నుంచి పథకం మళ్లీ నడపాలని కలకత్తా హైకోర్టు 2025 జూన్‌లో ఆదేశించింది. అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ ఆదేశంలో జోక్యం చేసుకోలేదు. అక్రమం చేసినవాడిని పట్టుకోవాల్సిందే, నా ఉద్యోగమే అది. కానీ మూడేళ్లకు పైగా శిక్ష పడింది మాత్రం తట్ట మోసినవాళ్లకు.

ఇక కొత్త చట్టం. 2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో వికసిత్ భారత్ పేరుతో కొత్త ఉపాధి చట్టాన్ని ఆమోదించింది. అందులో అందరూ చెప్పుకునేది 100 రోజులు 125 అయ్యాయని. రాతలో అది మెరుగే. కానీ దేశంలో ఒక్కో కుటుంబానికి సగటున దొరికింది 50 రోజుల దగ్గరే ఉంటూ వచ్చింది. వంద రోజుల హద్దు తగిలి ఆగినవాళ్లు తక్కువ, యాభై దగ్గర పని లేక ఆగినవాళ్లే ఎక్కువ. నేను చూసేది డబ్బు గురించిన రెండు మార్పులు. పాత చట్టంలో మట్టి పని కూలి మొత్తం కేంద్రమే భరించేది, సామగ్రిలో నాలుగో వంతు రాష్ట్రానిది. కొత్తదాంట్లో మన లాంటి రాష్ట్రాలు మొత్తం ఖర్చులో 40 శాతం పెట్టుకోవాలి. రెండోది, ఏ రాష్ట్రానికి ఎంత అన్నది కేంద్రం ముందే నిర్ణయిస్తుంది. ఆ పైన అయితే రాష్ట్రమే భరించాలి. ఇన్నాళ్లూ చట్టంలో లేకపోయినా చేతల్లో ఉన్న గీత ఇప్పుడు చట్టంలోకే వచ్చింది. విత్తనం, కోతల కాలంలో ఏడాదికి 60 రోజుల దాకా పని ఆపే వీలు కూడా ఇచ్చారు. రైతుకు కూలీలు దొరకాలన్న బాధ నిజమైనదే, చిన్న రైతు ఇంట్లోనూ నేను అన్నం తిన్నాను. అయినా ఆ రోజుల్లో బేరం ఆడే బలం కూలీ ఆడమనిషి చేతి నుంచి పోతుందన్నదీ అంతే నిజం.

రాష్ట్రాలు ఆ 40 శాతం సమయానికి వేస్తాయా అన్నదే నా భయం. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి ఉందని సర్టిఫికెట్లు ఇవ్వని కాలేజీలు, ఆరోగ్యశ్రీ బిల్లులు రాలేదని సేవలు ఆపుతామనే ఆసుపత్రులు రెండు రాష్ట్రాల్లోనూ మనకు కొత్త కాదు. అక్కడా కేటాయింపు కాగితం మీద ఉంటుంది, విడుదల ఉండదు. కూలి ఆగిన ఇల్లు, పిల్లవాడి సర్టిఫికెట్ ఆగిన ఇల్లు చాలాసార్లు ఒకటే.

మీరు చేయగలిగింది ఉంది. ముందు, కూలి ఎక్కడ ఆగిందో పట్టుకోండి. ఉపాధి హామీ వెబ్‌సైటులో మీ పంచాయతీ తెరిచి జాబ్ కార్డు నంబరు మీద నొక్కితే ఏ మస్టర్‌లో ఎన్ని రోజులు, ఎఫ్‌టీఓ ఎప్పుడు తయారైంది అన్నది కనిపిస్తుంది. ఎఫ్‌టీఓ అంటే మీ కూలి ఖాతాకు పంపమనే ఆర్డరు. అది తయారే కాలేదంటే తప్పు మండలంలో ఉంది. కొలతలో, సంతకంలో, మస్టర్ మూయడంలో ఏదో ఆగింది. దాన్ని ఎంపీడీఓ ఆఫీసులో అడగాలి, అక్కడ ఉపాధి పనులు చూసే అధికారి ఏపీఓ దగ్గర సమాధానం ఉంటుంది. ఎఫ్‌టీఓ తయారై సంతకాలు అయినా డబ్బు పడలేదంటే కేంద్రం నుంచి విడుదల కాలేదు. అప్పుడు ఫీల్డ్ అసిస్టెంట్‌తో గొడవ పడి లాభం లేదు, అతని చేతిలో ఏమీ లేదు. రిజెక్ట్ అని ఉంటే ఖాతా సమస్య. పడింది అని చూపిస్తూ పాస్‌బుక్‌లో లేకపోతే, ఆధార్‌కు చివరగా లింకైన ఖాతా ఏదో చూడండి. సిమ్ కార్డు తీసుకున్నప్పుడు తెలియకుండా తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతాలో అమ్మ కూలి ఉండిపోవడం నేను పదే పదే చూశాను. బ్యాంకుకు వెళ్లి ఆధార్ మ్యాపింగ్ మార్చమంటే సరిపోతుంది.

డబ్బు కేంద్రం దగ్గర ఆగినా పరిహారం అడగడం మానొద్దు. కంప్యూటర్ లెక్కగట్టే పరిహారం మండల స్థాయి ఆలస్యానికే పరిమితం చేశారు. కానీ స్వరాజ్ అభియాన్ కేసులో 2018 మే నెలలో సుప్రీంకోర్టు, కూలీ ఖాతాలో డబ్బు పడేదాకా జరిగిన మొత్తం ఆలస్యానికి పరిహారం రావాలని చెప్పింది. ఆ మాట రాసి ఎంపీడీఓకు అర్జీ ఇవ్వండి. మీ ఒక్క కుటుంబం ఇస్తే పక్కన పెడతారు. మీ శ్రమశక్తి సంఘంలో, అంటే కలిసి పనికి వెళ్లే మీ కూలీల గుంపులో, అందరూ సంతకాలు, వేలిముద్రలు వేసి ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఇవ్వొచ్చు, తెలంగాణలో అయితే ప్రజావాణి. రసీదు నంబరు రాసుకోండి. ఉపాధి పని ఫిర్యాదులు విచారించడానికి జిల్లాకు అంబుడ్స్‌మన్ ఉంటారు, ఆ రసీదుతో ఆయన దగ్గరికి వెళ్లండి.

పని అడిగేటప్పుడు నోటితో అడగొద్దు. నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే. ఎండాకాలం ముందే, ఫలానా తేదీ నుంచి పని కావాలని కాగితం రాసి ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోండి. ఇవ్వనంటే ఎంపీడీఓకు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, పోస్టాఫీసు రసీదే సాక్ష్యం. ఆ రసీదు లేకపోతే మీరు పని అడిగినట్టు ఎక్కడా లెక్కలో ఉండదు. కంప్యూటర్‌లో పని ఇచ్చిన రోజునే పని అడిగినట్టు నమోదు చేసే అలవాటు చాలాచోట్ల ఉంది. దాంతో నిరుద్యోగ భృతి ఎవరికీ ఇవ్వాల్సిన పని పడదు, పై నుంచి చూస్తే మీ ఊళ్లో అడిగిన అందరికీ పని దొరికినట్టే ఉంటుంది. తర్వాతి ఏడాది నిధులు ఇంత చాలు అని లెక్క వేసేది ఆ నమోదు చూసే. చట్టం కొత్తదైనా పాతదైనా ఈ కాగితం అవసరం తగ్గదు. కొత్త లెక్కలో రాష్ట్రం తన వాటా పెంచాలని ఎవరైనా అడగాలన్నా ముందు చూపాల్సింది ఇదే.

సామాజిక తనిఖీ బృందం ఊరికి వచ్చినప్పుడు ఈ కాగితాలన్నీ వాళ్ల చేతికివ్వండి, గ్రామసభలో చదివించండి. అప్పు తప్పనిసరి అయితే వారం వారం వసూలుకు వచ్చే ఫైనాన్స్ వాళ్ల దగ్గరికి పోకముందు డ్వాక్రా సంఘం ద్వారా స్త్రీ నిధి (మహిళా సంఘాలకు అప్పులిచ్చే సహకార సంస్థ) అప్పు దొరుకుతుందేమో అమ్మను అడగమనండి. ఆలస్యమయ్యే కూలిని నమ్ముకుని వారం కంతు ఒప్పుకుంటే నలిగిపోతారు.

ముందుగా ఆ ఏడు వారాల మస్టర్లకు ఎఫ్‌టీఓ తేదీలు ఏమున్నాయో చూసి ఇక్కడ రాయండి. జాబ్ కార్డు నంబరు, ఖాతా నంబరు మాత్రం పెట్టొద్దు. తేదీలు చూసి అర్జీ ఎవరి పేరున, ఎలా రాయాలో నమూనా రాసి పెడతాను.